ఆదివారం నీళ్లు పోసిన అవ్వ

దయ్యాల ముచ్చట్లు చెప్పేవాళ్లంటే నాకు మొదటి నుంచీ చిరాకే. మాది మెథడిస్టు కుటుంబం. ఇంట్లో ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే మా నాన్న రేడియో సౌండు పెంచేవారు. తర్వాత నేను మైక్రోబయాలజీ చదివాను. నిజామాబాద్‌లో ఒక బళ్లో కొన్నేళ్లు సైన్స్ చెప్పాను. బడి వెనక పాత గదిలో ఏదో ఉందని పిల్లలు హడలిపోతుంటే, వాళ్లను ఆ గదిలోనే కూర్చోబెట్టి పాఠం చెప్పినదాన్ని. కాబట్టి ఇది చదివి మీరు నమ్మకపోయినా నేనేమీ అనుకోను. ఇంకొకరు రాసి ఉంటే నేనూ నమ్మేదాన్ని కాదు.

పాప పడుకుంది. మా ఆయన సుధాకర్ కూడా పడుకున్నాడు. నాకు దొరికే సమయం ఇదే కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

పాప పేరు కృప. ఆ కాటేజీకి వెళ్లేనాటికి ఆరో నెల నడుస్తోంది. పుట్టిన దగ్గర్నుంచి సరిగ్గా పడుకున్నది లేదు. కాసేపు కునుకు తీస్తుంది, లేచి ఏడుస్తుంది. అది పడుకున్నా నేను పడుకోలేను. ఊపిరి ఆడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. ఆడుతుంది. పక్కకు ఒరుగుతాను. అంతలోనే మళ్లీ అనుమానం వస్తుంది. లేచి మళ్లీ వేలు పెడతాను. నెలల తరబడి ఇలాగే గడిచింది.

మా అమ్మ లేదు. కాన్పయ్యాక కొన్నాళ్లు ఆర్మూర్‌లో అత్తగారింట్లో ఉన్నాను. పాపకు అత్తమ్మే నీళ్లు పోసేది. నిజామాబాద్ వచ్చాక నాకు ఆ ధైర్యం చాలలేదు. తడిస్తే చేతిలోంచి జారిపోతుందేమోనన్న భయం. తడిగుడ్డతో ఒళ్లు తుడిచి బట్టలు మార్చేదాన్ని. అత్తమ్మ వచ్చినప్పుడు ఆమే పోసేది.

ఒకరోజు సుధాకర్ ఇంటికి వచ్చేసరికి నేను వంటింట్లో పాపను ఎత్తుకుని నిలబడి ఉన్నానట. స్టవ్ మీద ఖాళీ గిన్నె మాడి పొగలు కక్కుతోంది. ఆ గిన్నె ఎప్పుడు పెట్టానో నాకు తెలియదు. పాపను మంచం మీంచి ఎప్పుడు ఎత్తుకున్నానో కూడా గుర్తులేదు. అతను స్టవ్ ఆపాడు. వాళ్లమ్మకు ఫోన్ చేసి చెప్పాడు.

మర్నాడే అత్తమ్మ వచ్చింది.

"బిడ్డా, పిల్లను నేను తోల్కపోత. మూడు నెల్లు సాకుత. నువ్వు మంచిగ తిను, పండు, దవాఖానకు పోయి సూపించుకో. ఆర్మూరేమన్న దూరమా? దిల్ పుట్టినప్పుడల్లా వచ్చి సూసిపో."

ఆ మాటల్లో కోపం లేదు. ఎత్తిపొడుపూ లేదు. అందుకే నాకు భయమేసింది. కోపంగా అంటే కొట్లాడేదాన్ని. ప్రేమగా తీసుకెళ్తానంటే ఏమని ఆపుతాను? పాలు ఎలా మరి అంటే, డబ్బా పాలు తాగి పెరిగిన పిల్లలు లేరా అంది. సుధాకర్ నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. అతనికీ అదే మంచిదనిపించిందని నాకు అర్థమైంది.

చివరికి అతనే అన్నాడు. "ఓ రెండు రోజులు అందరం కలిసి ఏడికన్న పోయొద్దాం. సునీతకు గాలి మార్పు ఉంటది. వచ్చినంక సూద్దాం." వచ్చినంక అంటే ఏమిటో అందరికీ తెలుసు. అత్తమ్మ పాప బట్టలు వేరే సంచిలో సర్దింది. తిరిగి వచ్చేటప్పుడు నన్ను నిజామాబాద్‌లో దింపి, పాపను తీసుకుని వాళ్లు ఆర్మూర్ వెళ్తారు.

వర్ని దాటి చందూర్ వైపు పోతుంటే కాలువ గట్టు దిగువన చెరుకు తోటల మధ్య ఉంది ఆ కాటేజీ. కాలువ వచ్చిన కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల ఊళ్లను మా వైపు క్యాంపులంటారు. అలాంటి క్యాంపు రైతు ఒకాయన పాత పెంకుటింటికి సున్నం వేయించి, రెండు గదుల్లో మంచాలు వేయించి, ఫొటోలు తీసి ఫోన్లో పెట్టాడు. ఆయన ఉండేది హైదరాబాద్‌లో. ఇల్లు చూసుకునేది పక్క ఊరి మార్తమ్మ. ఆమెదీ మా మెథడిస్టు సంఘమేనని తెలిసి అత్తమ్మ ప్రాణం లేచి వచ్చినట్టయింది.

ఇంటికి మూడు వైపులా చెరుకు. మనిషి కంటే ఎత్తు. అడవి పందులు రాకుండా చుట్టూ తాకితే షాక్ కొట్టే సోలార్ తీగ కట్టారు. ముందు ఇనుప గేటు. వెనక బండ పరిచిన స్నానాల జాగా, పక్కన మూడు రాళ్ల పొయ్యి మీద నీళ్లు కాచుకునే పెద్ద కాగు. లోపల గీజరు ఉంది కానీ మార్తమ్మకు దాని మీద గురి లేదు. "గీజర్ నీళ్లు సేతికే వేడమ్మా, ఒంటికి తాకవు," అంది.

శనివారం సాయంత్రం ఊరు చూద్దామని కాలువ గట్టు మీదుగా నడిచాం. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డాక చెరుకు బాగా తగ్గిందట. అయినా అక్కడక్కడా పచ్చగా నిలబడే ఉంది. ఒక మడిలో కోత నడుస్తోంది. నాందేడ్ వైపు నుంచి వచ్చిన కోతగాళ్లు మొగుడూ పెళ్లాలు జతలుగా కొడుతున్నారు. గట్టు మీద రెండు గుంజలకు చీర కట్టి అందులో పసిపిల్లను పడుకోబెట్టారు. పక్కనే ట్రాక్టరు మోత. ఆ పిల్ల ఒళ్లెరగకుండా నిద్రపోతోంది. నేను అక్కడే చాలాసేపు నిలబడిపోయాను. ఎవరి మీదా అంత అసూయ పడి ఎరగను.

ఇంకాస్త ముందుకు పోతే బెల్లం వండే బట్టీ ఉంది. పెద్ద కడాయిలో చెరుకు రసం కుతకుత ఉడుకుతోంది. కింద చెరుకు పిప్పి మంట. బట్టీ దగ్గరున్న పెద్దమనిషి చెరుకు ఆకు మీద వేడి బెల్లం తీసి అందరికీ తలా కాస్త పెట్టాడు. అత్తమ్మ వద్దు వద్దంటూనే రెండుసార్లు తీసుకుంది.

"షుగరున్నదాన్ని తీస్కచ్చి బెల్లం బట్టి కాడ నిలవెట్టిండు సూడు నా కొడుకు," అంది మూతి తుడుచుకుంటూ.

"తినమని నేనన్ననా అమ్మా?"

"నువ్వనలే. బెల్లమే అన్నది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతుండగానే రేపు గాక ఎల్లుండి పాప నా ఒళ్లో ఉండదని గుర్తొచ్చింది. ఆకు మీద బెల్లం అలాగే గడ్డకట్టింది.

రాత్రంతా పాప ఏడుస్తూనే ఉంది. కొత్త చోటని అనుకున్నాం. తెల్లవారి మార్తమ్మ చాయ్ పెడుతూ అత్తమ్మతో అంది: "పిల్లకు ఒళ్లు నొప్పులుంటయమ్మా. మంచిగ నూనె వెట్టి, కాళ్లు సేతులు గుంజి నీళ్లు పోస్తే పండుతది. మా ఆడిబిడ్డ ఎస్తేరమ్మ మంచిగ పోస్తది. గీ దిక్కు పిల్లలందరికి ఆమెనే. నిన్ననే చెప్పిన, పొద్దుగాల్ల రమ్మని."

ఎస్తేరమ్మ రాలేదు. బోధన్‌లో ఆరాధనకు టైమైపోతోంది. అత్తమ్మ ఆదివారం చర్చి మానదు. మార్తమ్మ కూడా వాళ్లతో కారులో వస్తానంది. నేను ఉండిపోతానన్నాను. రాత్రంతా కంటి మీద కునుకు లేదు, పైగా జలుబు పట్టుకుని తల దిమ్మెక్కింది. "ఎస్తేరమ్మ వస్తే నీళ్లు పోయించు, భయపడకు," అని చెప్పి వాళ్లు వెళ్లారు. సుధాకర్ అలవాటుగా గేటుకు తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుపోయాడు. నీళ్లు పోసే మనిషి రావాల్సి ఉందని దారిలో గుర్తొచ్చిందట. వస్తే చూసి తిరిగి పోతుందిలే అనుకున్నారు. గేటు తాళం సంగతి అప్పుడు నాకు తెలియదు.

ఎండ బాగా ఎక్కాక, పాపను భుజాన వేసుకుని ముందు వసారాలో తిరుగుతున్నాను. వెనక నుంచి నీళ్ల చప్పుడు వినిపించింది. వెళ్లి చూశాను.

బండ మీద ఒక అవ్వ కూర్చుని ఉంది. కాగు కింద మంట మండుతోంది. అవ్వ చీర గోచి పోసి కట్టింది. చీర రంగు వెలిసిపోయి ఏ రంగో చెప్పలేనట్టుగా ఉంది. కాళ్లు బారజాపుకుని బకెట్‌లో వేడినీళ్లూ చన్నీళ్లూ కలుపుతోంది. కాళ్లకు లావుపాటి వెండి కడియాలు. మడమలు పగిలి ఉన్నాయి. ముంజేతుల మీద పాతకాలపు పచ్చబొట్లు. ఇవన్నీ నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టున్నాయి. ముఖం మాత్రం ఎంత ఆలోచించినా గుర్తుకు రాదు.

"తే. ఇంకెంతసేపు మోస్తవ్?" అంది తల తిప్పకుండానే.

"మార్తమ్మ పంపిందా?" అన్నాను.

"పంపకుంటె వత్తనా?"

ఆమెనే ఎస్తేరమ్మ అనుకున్నాను. ఇంత ముసలామె అనుకోలేదు, అంతే. పాపను ఇచ్చాను. ఆమె పాపను చాచిన కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టుకుంది. పాప ఒక్కసారి కెవ్వుమంది.

"ఏం పేరు పెట్టిండ్రు?"

"కృప."

"ఏందే కృపమ్మా, నీళ్లంటె భయమా? భయం మీ అమ్మకే అనుకున్న. నీకు సుతనా?" అని వీపు మీద దోసిలితో నీళ్లు జారవిడిచింది. పాప ఏడుపు ఆపింది. వెల్లకిలా తిప్పి కాళ్లు, చేతులు ఒక్కొక్కటే సాగదీసింది. కుడిచేయి ఎడమకాలికి, ఎడమచేయి కుడికాలికి తాకించింది. పాప ఆమెనే చూస్తోంది. ఏడవడం లేదు. అలా నిశ్శబ్దంగా, మేలుకుని ఉన్న నా బిడ్డను నేను అంతకుముందు చూడలేదు.

"నువ్వేందే, పిల్ల ఏడుపు బంద్ వెడితె నువ్వు షురువు జేసినవ్?" అంది అవ్వ. అప్పుడు తెలిసింది నేను ఏడుస్తున్నానని.

"పో. పండు. తుడిసి పొగవెట్టి పక్కన పండవెడత. నేనున్న గదా."

నాకు ఇప్పటికీ అంతుపట్టని మొదటి సంగతి ఇదే. సుధాకర్ పాపను ఎత్తుకుంటేనే వెనక వెనకే తిరిగేదాన్ని. అత్తమ్మ నీళ్లు పోస్తుంటే పక్కన కూర్చుని రెండు చేతులూ చాచి పట్టుకునేదాన్ని. అలాంటిదాన్ని, అంతకుముందు ఎన్నడూ చూడని మనిషి చేతిలో పాపను వదిలి లోపలికి వెళ్లాను. మంచం మీద ఒరిగాను. ఆ తర్వాత ఏమీ తెలియదు.

కారు హారన్‌కు మెలకువ వచ్చింది. ఎండ పడమటి కిటికీలోంచి గదిలోకి వచ్చేసింది. పాప పక్కన లేదనుకుని ఒక్క ఉదుటున లేచాను. ఉంది. అత్తమ్మ పాత చీర ముక్కలో చేతులు లోపలికి పెట్టి గట్టిగా చుట్టి ఉంది. నిద్రపోతోంది. ముక్కు దగ్గర వేలు పెట్టాను. వెచ్చగా తగిలింది. అది అంతసేపు ఎన్నడూ పడుకోలేదు. నేనూ అంతే.

గేటు తెరిచిన చప్పుడు, మాటలు, నవ్వులు. అత్తమ్మ ముందు వచ్చింది. ఆమె వెనక మార్తమ్మ, మార్తమ్మ వెనక నలభై ఏళ్లుండే ఒక లావుపాటి ఆమె.

"ఇగో, దొరికింది దొంగ," అంది అత్తమ్మ. "చర్చిలో మా ముందట్నే కూసున్నది. ఎస్తేరమ్మ. పిల్లకు నీళ్లు పొయ్యాలని చెప్పిన ముచ్చటే మర్సిపోయిందట."

"తప్పయిందమ్మా," అంది ఎస్తేరమ్మ నాతో. "ఆటో దొరికిందని ఎక్కి పోయిన. ఏదీ, తే పిల్లను. జల్దిన పోస్త."

"పోసేశారు కదా. అవ్వ వచ్చింది," అన్నాను.

"ఏ అవ్వ?" అంది మార్తమ్మ.

నేను చెప్పాను. గోచి చీర, కడియాలు, పచ్చబొట్లు. నేను చెబుతుంటే మార్తమ్మ ముఖంలో నవ్వు పోయింది. అలాంటి మనిషిని తను పంపలేదంది. తనకు తెలిసిన వాళ్లలో అలాంటి అవ్వ లేదంది. సుధాకర్ చేతిలో తాళంచెవి అలాగే ఉంది. "నేను తాళం ఏసిపోయిన గద, ఎట్లొస్తది?" అన్నాడు. చుట్టూ తీగ ఉంది, సన్నగా టిక్కు టిక్కుమంటూ పనిచేస్తూనే ఉంది.

అతను వెనక్కి వెళ్లి చూసి వచ్చాడు. బండ సందుల్లో తడి ఇంకా ఉందట. పొయ్యిలో నిప్పులు ఇంకా ఉన్నాయట. పక్కన పెంకు ముక్క మీద బూడిద, కాలిన వెల్లుల్లి పొట్టు, వాము. అవి ఆ కాటేజీ వంటింట్లో ఉన్నవే. పొగ వేయడానికి బయటి నుంచి ఏదీ తేనక్కర్లేదు.

అతను నన్ను పక్క గదిలోకి పిలిచాడు. తలుపు దగ్గరగా వేశాడు.

"సునీతా, మంచిగ యాది చేసుకో. పొయ్యి నువ్వు ముట్టియ్యలేదా?"

"లేదు."

"నీళ్లు నువ్వు పొయ్యలేదా?"

"నాకు పోయడం రాదు. నీకు తెలుసు కదా."

"గిన్నె సంగతి గూడ నీకు యాదికి లేకుండె," అన్నాడు. గొంతు చాలా మెత్తగా ఉంది.

అంతవరకూ ఎవరో తెలియని మనిషి వచ్చిందన్నదే నా భయం. ఇప్పుడు వేరే బొమ్మ కనిపించింది. ఇంట్లో ఎవరూ లేరు. నేనే పొయ్యి వెలిగించాను. మరుగుతున్న నీళ్ల పక్కన నేనే కాళ్లు చాపుకుని కూర్చున్నాను. నా కాళ్ల మీద నా బిడ్డ. నాతో నేనే రెండు గొంతులతో మాట్లాడుకుంటున్నాను. నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో చూసుకునే తెలివి కూడా నాకు లేదు. అదే నిజమైతే అత్తమ్మ కాదు, నేనే పాపను ఆమె చేతుల్లో పెట్టి దూరంగా వెళ్లిపోవాలి.

దయ్యాలు లేవని అన్నేళ్లు పిల్లలకు చెప్పిన నేను, ఆ గదిలో నిలబడి, ఆ అవ్వ ఉంటే బాగుండునని దేవుణ్ణి వేడుకున్నాను.

బయటికి వచ్చేసరికి అత్తమ్మ పాపను ఎత్తుకుని ఉంది. చీర చుట్టు విప్పి కాళ్లూ చేతులూ అన్నీ చూసింది. ఒంటి మీద ఎక్కడా ఎరుపు లేదు. ఎడమ అరికాలిలో కాగు మసితో పెట్టిన నల్లచుక్క ఉంది. దిష్టిచుక్కలంటే అత్తమ్మకు అస్సలు గిట్టదు. ఆర్మూర్‌లో పక్కింటావిడ పాప బుగ్గ మీద కాటుక పెట్టబోతే చేయి పట్టుకుని ఆపింది. ఈ చుక్కను మాత్రం చూసి ఊరుకుంది. చెరపలేదు.

తర్వాత పాప తల మీద ముక్కు ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయింది.

"ఆముదం," అంది. "నెత్తికి ఆముదం వెట్టింది. మనం తెచ్చినమారా?"

"లేదమ్మా. మనింట్ల ఆముదం ఏడిది?"

"మార్తమ్మా, ఇక్కడున్నదా?"

"లేదమ్మా. ఇంట్ల ఉన్నది కొబ్బరినూనె ఒక్కటే. నేను సుత అదే రాసుకుంట."

సుధాకర్ దగ్గరికి వచ్చి పాప తల వాసన చూశాడు. "నాకు పొగ వాసనే వస్తున్నది," అన్నాడు.

"నీ ముక్కుకేం తెలుస్తది? నిన్ను ఆముదం రాసే పెంచిన," అంది అత్తమ్మ.

నేనూ చూశాను. జలుబుతో నా ముక్కు మూసుకుపోయి ఉంది. పొగ వాసన కూడా రాలేదు. ఎస్తేరమ్మను చూడమందామంటే ఆమె అప్పటికే గేటు దగ్గర ఉంది. "నాతోని ఏం పనమ్మా ఇగ? పోసిండ్రు గద. నేను పోత," అని చెప్పులు వేసుకుంది. మార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పాప వైపు చూడకుండా నిలబడింది.

ఆ సాయంత్రం అత్తమ్మ నన్ను పిలిచి అదే చీర ముక్క చేతికిచ్చింది. "ఇందాకటి లెక్క సుట్టు," అంది. మూడుసార్లు చుట్టాను. మూడుసార్లూ పాప చేయి బయటికి వచ్చేసింది. అత్తమ్మ కొడుకును పిలిచి, నాతో మళ్లీ ఒకసారి చుట్టించి చూపించింది. అప్పుడూ చేయి బయటికొచ్చింది. దీంతో ఏదైనా తేలిందా అంటే తేలలేదనే చెప్పాలి. నిద్రలో నడిచే మనిషికి మెలకువలో రాని పనులు వస్తాయేమో ఎవరికి తెలుసు.

సోమవారం పొద్దున్న బయల్దేరే ముందు నేనూ సుధాకర్ చుట్టుపక్కల వెతికాం. కోతగాళ్ల గుడారాల దగ్గరికి వెళ్లాం. ఒకామె మరాఠీ కలిపిన తెలుగులో నవ్వుతూ చెప్పింది: "ముసలోళ్లు మాకాడ ఎందుకుంటరు బాయి? ముసలోళ్లు చెరుకు కొడ్తరా?" ఊళ్లో కిరాణా దుకాణం ముందు ఆడవాళ్లను అడిగాం. వాళ్లు ఊళ్లో ఉన్న అవ్వలందరినీ ఒక్కొక్కరినీ లెక్కపెట్టారు. ఒకామె మంచాన పడి ఉంది. ఒకామె బిడ్డ దగ్గరికి పోయింది. మిగతా వాళ్లను దూరం నుంచి చూపించారు. వాళ్లెవరూ కాదు. "కడియాలు ఏసుకునే అవ్వలు ఇప్పుడేడున్నరక్కా?" అంది దుకాణం ఆమె. ఆ ఇంట్లో ఎవరైనా చనిపోయారా అని కూడా అడిగాను. అడగడానికి సిగ్గేసింది. అంతకుముందు ఆ ఇంట్లో ఎరువుల బస్తాలు పెట్టేవాళ్లట. మనుషులు ఉన్నదే లేదట.

నేను ఏదో ఒక కథ దొరుకుతుందనుకున్నాను. ఎక్కడా దొరకలేదు.

తిరుగు దారిలో పాప నా ఒళ్లో పడుకుంది. నిజామాబాద్ దగ్గర పడేకొద్దీ దాన్ని ఇంకా గట్టిగా పొదువుకున్నాను. ఇంటి ముందు కారు ఆగింది. సుధాకర్ దిగి డిక్కీ తీసి, నా బ్యాగు ఒక్కటే కింద పెట్టాడు. పాప బట్టల సంచి లోపలే ఉంది.

"అది గూడ దింపు," అంది అత్తమ్మ.

"అమ్మా, మనం అనుకున్నది..."

"ఏమనుకున్నం? ఇంటికి ఎవలో వచ్చిండ్రు. పిల్లకు నీళ్లు పోసిండ్రు, ఆముదం రాసిండ్రు, పోయిండ్రు. సునీత ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఇందుల ఆమెకు మతి లేనిదేమున్నది? ఇగ దాని మీద ముచ్చట వద్దు. సంచి దింపు. నా సంచి సుత దింపు. నెల దినాలు ఈడనే ఉంట."

ఆమె నెల రోజులు మాతోనే ఉంది. నాతో పాపకు నీళ్లు పోయించింది. మొదట్లో నా చేయి పట్టుకుని పోయించేది. పోనుపోను చేయి వదిలేసింది. డాక్టరమ్మ దగ్గరికి కూడా ఆమే తీసుకెళ్లింది. నిద్ర లేకపోతే, కాన్పు తర్వాత మనసు బాగోలేకపోతే, మనిషి తను చేసిన పనిని మరచిపోవచ్చని, లేనిది చూడొచ్చని డాక్టరమ్మ చెప్పింది. అది అరుదు కానీ జరగదని కాదట. మందులు ఇచ్చింది. వాడుతున్నాను. ఇప్పుడు నిద్ర పడుతోంది, కొంచెం. పాపకు తొమ్మిదో నెల. పాకుతోంది.

అంతా మందుల మాటే, నిద్ర మాటే అనుకుంటే సరిపోతుంది. కానీ ఒక్కటి మిగిలిపోతోంది. ఆముదం.

ఆ వాసన తెలిసింది అత్తమ్మ ఒక్కదానికే. ఆమె అబద్ధమాడే మనిషి కాదు. బస్సులో టికెట్ కొట్టకుండా వదిలేస్తే వెనక్కి పిలిచి కొట్టించుకునే రకం. అవ్వలు, గాలులు, దిష్టి, ఇలాంటివేవీ నమ్మదు. ఆమె నిజం చెప్పి ఉంటే, తాళం వేసిన ఆ ఇంటికి ఎవరో వచ్చారు. నిజం కాకపోతే, ఆ బండ మీద ఉన్నది నేనొక్కదాన్నే. అది తెలిసి కూడా ఆమె పాపను నా దగ్గర వదిలింది.

మొన్న ఆర్మూర్ వెళ్లినప్పుడు అడిగాను. ఆమె వసారాలో కూర్చుని పసుపు కొమ్ములు ఏరుతోంది. పాప ఆ కొమ్ముల మధ్యే పాకుతోంది.

"అత్తమ్మా, ఆ రోజు నిజంగానే ఆముదం వాసన వచ్చిందా?"

ఆమె తలెత్తలేదు. పాప నోట్లో పెట్టుకోబోయిన కొమ్మును లాక్కుని చేటలో వేసింది.

"పిల్ల దిక్కు సూడు సునీతా," అంది. "నన్ను సూస్తవేంది?"